పోర్టుకు పెట్టిన గంధం బొట్టు

కంప్యూటర్‌లో ఏది చెడినా వైరస్ పేరు చెప్పి చేతులు దులుపుకోగలిగిన రోజులవి. నేను ఇంకాస్త ముందుకు పోయి, ఆ వైరస్‌ను మా టైపిస్టు అక్క నెత్తిన పెట్టాను. అసలు సంగతి అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ యూఎస్‌బీ పోర్టును పాడుచేసింది నేను. గంధంతో.

చెన్నైలోని చూలై పేటలో మా మేనమామకు పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్ ఉండేది. డిగ్రీ కాగానే అక్కడ చేరాను. (కంప్యూటర్ కోర్సు చేశానని చెప్పుకున్నాను, చేసింది సగమే.) అక్క తెలుగూ తమిళమూ కళ్లు మూసుకుని టైపు చేసేది, అప్పుడప్పుడే డిజైన్లు వేయడమూ మొదలుపెట్టింది. ఆయుధపూజ నాడు మామ గంధం గిన్నె నా చేతికిచ్చి, "ఒక్క మిషను కూడా విడవగూడదు, తెలిసిందా?" అన్నాడు. కటింగ్ మిషనుకు, కత్తెరలకు, స్టేప్లర్‌కు, చివరికి ఫ్యానుకు కూడా బొట్లు పెట్టి కంప్యూటర్ దగ్గరికి వచ్చాను. ఆ డబ్బాకు నుదురెక్కడ? ముందువైపు, సరిగ్గా నడిమధ్య, చిన్న నల్లటి సందు కనిపించింది. బొట్టు కోసమే వదిలిపెట్టినట్టుంది. వేలితో నిండా గంధం అద్ది, పైన కుంకుమ పెట్టి, భక్తిగా దణ్ణం పెట్టుకున్నాను. సెలవులయ్యాక అన్నిటినీ తడిగుడ్డతో తుడిచిందీ నేనే. పైనున్నది పోయింది, లోపలున్నది గట్టిపడింది.

ఆ పూట అక్క తన చెల్లెలి పెళ్లిపత్రికను ఇంట్లోనే డిజైన్ చేసి తెచ్చుకుంది. పెన్‌డ్రైవ్ ముందువైపు పోర్టులో బిగుతుగా దూరింది గానీ తెరమీద ఏమీ రాలేదు.

"ఏమ్మా, ఇంటినించి తెచ్చి వైరస్ ఎక్కించినావా?" అన్నాడు మామ.

"అయ్యో, దీంట్లో మా చెల్లెలి పత్రిక తప్ప ఏమీ లేదన్నా!"

"పత్రికతోపాటు అదీ వచ్చింటాది. ఇంక కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఆడ కూర్చోని కవర్లు మడువు. డేయ్, నువ్వు చూడరా."

చూశాను. రీస్టార్ట్ చేశాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. అక్క పెన్‌డ్రైవ్ వెనక పోర్టులో పెడితే చక్కగా తెరుచుకుంది. రెండు మూలలా రెండు చిలకలు, ముచ్చటైన పత్రిక. నా పెన్‌డ్రైవ్ ముందు పోర్టులో పెడితే అదీ పనిచేయలేదు. టార్చి వేసి చూస్తే లోపల పసుప్పచ్చగా మెరిసింది. అక్కడే నోరు విప్పాల్సింది. నేను మాత్రం కంప్యూటర్ ఆపి, టూత్‌పిక్‌తో గీకి, ఉఫ్ఫని ఊది, మళ్లీ వేసి, "వైరస్ పోయింది మామా!" అన్నాను.

మామ సంబరానికి అంతులేదు. వీధిలో ఎవరి పెన్‌డ్రైవ్ మొరాయించినా నా దగ్గరికే పంపేవాడు. (నేనూ నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని పట్టుకునేవాణ్ణి.) అక్క మాత్రం తన పెన్‌డ్రైవ్ వాసన చూసి, "ఏందిరా ఇది, గుళ్లో వాసన వస్తా ఉండాది?" అంది.

"మంచి ప్లాస్టిక్ అక్కా. వేడెక్కితే అంతే."

మామ ఆమెను మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేదు, ఆ కుర్చీ నాకిచ్చాడు. అక్క కొన్నాళ్లు కవర్లు మడిచి పని మానేసింది. ఇప్పుడు తొండియార్‌పేటలో సొంత డిజైనింగ్ షాపు నడుపుతోంది. మొన్న మా అమ్మాయి పెళ్లిపత్రిక వేయించడానికి అక్కడికే వెళ్లి, గంధం సంగతంతా చెప్పేశాను. అక్క కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత నవ్వాపి అడిగింది.

"నా దాంట్లో వైరస్ లేదని నాకు తెలీదా? నాకెందుకు చెప్తావు? మీ మామకు చెప్పు."

ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. టూత్‌పిక్ పట్టుకుని మహా నిపుణుడిలా నిలబడిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. వాడి బదులు నేనే మాట్లాడాను.

"మామా, ఆ పోర్టు చెడగొట్టింది నేను. అక్క పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదు. ఆ కుర్చీలో ఆమే కూర్చోవాల్సింది. అక్కా, నన్ను క్షమించు."