బుడగల్లో ఏముంది?

మా అక్క రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. ఆరేళ్లు గాజు గొట్టాల మధ్య గడిపి, పోయిన జూన్‌లో విద్యా పరిశోధన విభాగంలో చేరింది. కాలేజీ పిల్లలు సైన్సులో ఎక్కడ పొరబడతారో, ఎందుకు పొరబడతారో వాళ్లనే అడిగి తెలుసుకోవడం ఆమె పని. మూడు నెలల్లో పని నచ్చకపోతే తీసేస్తామని నియామక పత్రంలోనే రాశారు.

"మరిగే నీళ్ల బుడగల్లో ఏముంటుంది?" అని పన్నెండు మందిని అడిగి, వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చింది. వాటిని నేను టైపు చేస్తే, సోమవారం విభాగం పెద్ద మేడమ్‌కు ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం మూడోది వింటూ ఆగిపోయాను.

"అక్కా, ఈ అబ్బాయి గాలి అనగానే, కాదు నాన్నా నీటి ఆవిరి అని చెప్పేశావేంటి?"

"తప్పు చెబుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

అనేశాక తనే ఉలిక్కిపడింది. హెడ్‌ఫోన్లు నా తలమీంచి లాక్కుని వరసగా పన్నెండూ విన్నది. అన్నిట్లోనూ అదే తంతు. పిల్లలు తప్పు చెప్పడం, అక్క దిద్దడం, వాళ్లు "అవునండీ" అని తప్పుకోవడం. ఎందుకలా అనుకున్నారో ఒక్కరినీ చెప్పనివ్వలేదు.

"నా పని అయిపోయిందే," అంది.

"నీ మాటలు తీసేసి టైపు చేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

అక్క గోరు కొరుక్కుంటూ కిటికీ దగ్గర నిలబడింది. "అంకెలు మార్చినవాణ్ని మా ల్యాబ్‌లో వారం తిరక్కుండా గెంటేశారు. ఉంచు. అన్నీ ఉంచు."

సోమవారం వెంట వెళ్లి వరండాలో కూర్చున్నాను. మేడమ్ గది తలుపు ఓరగా ఉంది. లోపల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇంతకుముందు పాఠాలు చెప్పేదానివా?" మేడమ్ గొంతు.

"లేదండీ, ల్యాబ్‌లోనే."

"మరి ఈ పంతులమ్మ ఎక్కణ్నుంచి దిగింది?"

కాగితాలు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఈ పన్నెండు మందీ ఇక పనికిరారు, జవాబు తెలిసిపోయింది. గురువారం కొత్తవాళ్లను పిలిపిస్తాను. పక్కనే కూర్చుంటాను. మళ్లీ దిద్దావంటే, ఇక్కడ నీకు పని లేదు."

ఆ గురువారం రికార్డింగు కూడా నేనే టైపు చేశాను. "ఏమీ ఉండదండీ, ఖాళీ," అంటుంది మొదటి అమ్మాయి. తర్వాత పదకొండు సెకన్లు మాటే లేదు. అక్క ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఆపైన అడుగుతుంది, "ఎందుకలా అనిపించిందమ్మా?"

"పగిలినప్పుడు లోపల్నుంచి ఏమీ బయటపడదు కదండీ."

అక్క ఆ మాట రాసుకుంటున్న కలం చప్పుడు. కుర్చీ కిర్రుమంటుంది.

"రెండో అమ్మాయిని పిలువు," అంటారు మేడమ్.