పెద్దమ్మ ఏరిన బియ్యం

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు కుప్పంలో అందింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. ప్రార్థన ముగిసి పిల్లలు వరసల్లో తరగతులకు వెళుతుంటే పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. పొద్దున పాలకేంద్రం దగ్గర క్యాను కిందికి దించి, మూత తీయబోతూ పక్కకు ఒరిగిపోయిందట. అన్న ఆటో నడుపుతాడు. తల్లిని తన ఆటోలోనే పడుకోబెట్టుకొని మదనపల్లె ఆసుపత్రికి బయలుదేరాడు. సగం దారిలోనే ప్రాణం పోయింది. ఇదంతా చెప్పి, కాసేపు ఏడ్చి, చివర్లో అన్నాడు: "ఆ ప్లాస్టిక్ బియ్యమే అమ్మను తినేసింది మే. ఊరంతా అదే అంటాండారు."

కుప్పం నుంచి పలమనేరు వచ్చి, బస్సు మారి పుంగనూరులో దిగి, మళ్ళీ ఆటో ఎక్కి ఊరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. ఏడుపుకు ఆ మాటే అడ్డం పడింది. పెద్దమ్మ గురించి చెప్పుకోవడానికి మంచి సంగతులు చాలా ఉన్నాయి. కానీ ముందు ఈ బియ్యం సంగతి చెప్పాలి. ఎందుకంటే మా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, ఇప్పుడు ఆరు నెలల గర్భిణి. ఆమె ఒంట్లో రక్తం లేదు. పెద్దమ్మ చావును చూపించి ఊరు ఆమెను భయపెడుతోంది.

పెద్దమ్మ మా నాన్న అన్నగారి భార్య. మా అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనులకు వెళితే నన్ను పెంచింది ఆమే. ఏడో తరగతి అయ్యాక, తమ్ముణ్ణి చూసుకోవడానికి నన్ను కూడా బెంగళూరు తీసుకుపోతానని నాన్న వచ్చాడు. పెద్దమ్మ ఆయనకు అన్నం పెట్టి, చేతులు కడుక్కునేదాకా ఆగి, పిల్ల ఎక్కడికీ రాదని చెప్పింది. ఎవరు సాకుతారని నాన్న అడిగితే, ఇన్నాళ్ళూ నువ్వు సాకినావా అని అడిగింది. మా ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. అది ఆ పూట నిర్ణయమైంది.

ఆమెకు అక్షరం రాదు. పొద్దున ఎండ తిన్నె మీదికి రాగానే చేట ముందేసుకొని కూర్చునేది. ఉలవలు గానీ కందులు గానీ జీలకర్ర గానీ, ఏదైనా ఆమె వేళ్ళ కింద నుంచి పోకుండా పొయ్యి ఎక్కేది కాదు. పక్కన కూర్చొని నేను గట్టిగా పాఠం చదవాలి. చదువు ఆగితే తలెత్తకుండానే "ఊ, ఆడికే అయిపాయనా?" అనేది. ఆమె అన్నంలో నాకు ఒక్కనాడూ రాయి తగల్లేదు. మదనపల్లెలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు మొదటి ముద్దలోనే రాయి పంటికింద పడితే, రాయికి కాదు, ఆమె గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అట్లాంటి మనిషి చేటలోకి కొత్త రేషన్ బియ్యం వచ్చాయి. మామూలు గింజల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, కాస్త పాలిపోయిన తెలుపులో, ఒకే అచ్చులో పోసినట్టున్న గింజలు. నీళ్ళలో వేస్తే కొన్ని తేలుతున్నాయి. కొరికితే ఇంకోలా ఉన్నాయి. రక్తహీనత తగ్గాలని ప్రభుత్వం బియ్యప్పిండిలో ఇనుము, విటమిన్లు కలిపి, గింజలుగా చేసి బియ్యంలో కలుపుతోంది. బస్తా మీద నీలం గుర్తు వేసి సన్న అక్షరాల్లో ఆ సంగతి రాసింది. రేషన్ అంగడి గోడకు ఒక బొమ్మ కూడా అంటించింది. అందులో నవ్వుతున్న ఆడమనిషి మా వైపు ఆడవాళ్ళెవరిలాగానూ లేదు. ఇక అన్న సెల్లులో ఒక వీడియో వచ్చింది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోంది. ప్లాస్టిక్ బియ్యమని కింద రాశారు. గోడ మీది బొమ్మ మాట్లాడలేదు, సెల్లులో వీడియో మాట్లాడింది. ఊరు వీడియోనే నమ్మింది.

వదిన అప్పుడు మొదటి కాన్పుకు ఉంది. పెద్దమ్మ ఆ రోజు నుంచి ఆ గింజల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరేసింది. కోడలి కడుపులోకి ప్లాస్టిక్ పోకూడదు కదా.

కోడలంటే ఆమెకు ఎంత జాగ్రత్తో చెప్పాలి. అంగన్వాడీలో ఇచ్చే గుడ్డు ఉడకబెట్టి, తలుపు చాటుకు పిలిచి, తినేదాకా ఎదురుగా నిలబడేది. ఒకసారి అన్న సరదాగా ఆ గుడ్డు మీద చెయ్యి వేశాడు. పెద్దమ్మ గరిటె ఎత్తి, "నీ కడుపులో బిడ్డ ఉండాదా? ఉంటే తిను" అంది. వదిన నవ్వు ఆపుకోలేక గుడ్డుతో పాటు లోపలికి పరిగెత్తింది.

ఆ రోజుల్లోనే అంగన్వాడీలో పోషణ వారోత్సవం జరిపారు. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. దుప్పటి పరిచి దాని మీద రాగులు, పెసలు, మునగాకు, సొరకాయ, కోడిగుడ్లు ముగ్గులా పేర్చారు. సొరకాయ మా ఇంటిదే, పొద్దున టీచరమ్మ అడిగి తీసుకుపోయింది. పైనుంచి ఒక మేడం వచ్చింది. గర్భిణుల్ని దుప్పటి చుట్టూ నిలబెట్టి ఫోటోలు తీశారు. ఫోటో అయ్యాక ఎవరి సామాను వాళ్ళు ఎత్తుకొని ఇళ్ళకు వచ్చాం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో సొరకాయ కూర. బియ్యంలో ఆ గింజలేమిటో మేడం చెప్పలేదు, మేమూ అడగలేదు.

మర్నాడు నర్సమ్మ వచ్చి రక్తపరీక్షలు చేసింది. వదినకు తోడుగా వెళ్ళిన పెద్దమ్మ వేలు కూడా ఊరికే గుచ్చింది. వదినకు రక్తం ఏడు గ్రాములే ఉంది. పెద్దమ్మకు పదమూడు. మళ్ళీ గుచ్చి చూసినా అంతే. అంతమంది ఆడవాళ్ళలో ఎదురింటి అక్క నవ్వుతూ అంది: "అత్త రక్తం సూడండి, కోడలి రక్తం సూడండి. ఆ ఇంట్లో ఎవురు తింటాండారో తెల్లంగా తెలస్తాంది." అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా పెద్దమ్మ వైపు అదోలా చూసి, కోడలికి కాస్త పెట్టమ్మా అంది. పెద్దమ్మ వేలికి దూది అదుముకొని ఇంటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఆమె తినే సంగటి నేను మొదటిసారి పరీక్షగా చూశాను. మాకందరికీ అన్నం వండి, ఆమె తన మటుకు చిన్న ముంతలో సంగటి చేసుకునేది. సంగటిలో రాగిపిండికి ముందు గుప్పెడు బియ్యం ఉడికించాలి కదా. ఆ గుప్పెడు ఏవంటే, ఏరి పక్కన పెట్టిన ఆ తెల్ల గింజలు. ప్లాస్టిక్ అని తనే అంటూ తనే తింటోందేమిటని అడిగాను. పారేయడానికి చెయ్యి రాలేదంది. కోళ్ళకు వేయొచ్చు కదా అంటే, దానికీ ఆలోచించి పెట్టుకుంది.

"కోళ్ళకేస్తే గుడ్లలోకి వస్తాది. ఆ గుడ్లు మళ్ళా కోడలే తినాల. నేను తింటే ఏమైతాది? నా పని అయిపాయ. అది ఇంకా కనాల్సింది ఉండాది."

అవి ప్లాస్టిక్ కాదనీ, వదిన రక్తం కోసం కలిపిన మందనీ నేను చెప్పాను. కాలేజీలో మా మేడం చెప్పిందంతా చెప్పాను, బస్తా తెచ్చి చదివి వినిపించాను. ఆమె చేతిలోని ముద్దను మళ్ళీ ముంతలో పెట్టింది.

"అయితే దాని మందంతా నేనే తింటినా?" అంది.

ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంటిల్లిపాది బియ్యంలో ఉన్న ఇనుమంతా, విషమనుకొని ఒక్కతే మింగింది. ఊరేమో కోడలి నోటి దగ్గరి కూడు లాక్కుందని నవ్వింది.

ఆ తర్వాత ఆమె పడిన పాట్లు చెప్పడానికి నాకు మనసు రాదు. తను ఏరడం మానేసింది. కానీ ఏరాలని అందరికీ నేర్పింది తనే. వదిన నమ్మలేదు. నేను చెబితే, పెళ్ళి కాని పిల్లవు నీకేం తెలుసునంది. ఒకరోజు పెద్దమ్మ ఇదివరకు ఏరి పెట్టిన ఆ గింజల్ని దొంగచాటుగా ఎసట్లో కలుపుతుంటే అన్న చూశాడు. మా ఇంట్లో అంతకు ముందెప్పుడూ వినని మాట ఆ రోజు అన్నాడు: "కోడల్ని సంపాలనుకుంటాండావా?" పెద్దమ్మ గిన్నె అక్కడే పెట్టి పశువుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి బియ్యం ఏరేది వదినే. ఏరిన గింజల్ని చిన్న స్టీలు గిన్నెలో పోసి, "మీ బియ్యం అత్తా" అని ఇచ్చేది. పెద్దమ్మ తీసుకునేది.

అంగన్వాడీ టీచరమ్మను బతిమాలి మా ఇంటికి పిలిపించాను, ఒక్క మాట చెప్పమని. ఆమె మంచిదే. చెప్పింది కూడా. పోయేటప్పుడు వాకిట్లో నాతో మెల్లగా, తమ ఇంట్లో కూడా తన అత్త ఒప్పుకోదనీ, ఏరే వండుతామనీ అంది.

కాన్పుకు వదినను మదనపల్లె తీసుకుపోయాం. రక్తం ఎక్కించాలన్నారు, ఇచ్చేవాళ్ళు కావాలన్నారు. అన్న ఇచ్చాడు. పెద్దమ్మ కూడా చెయ్యి చాపి కూర్చుంది. వేలు గుచ్చి చూసి, రక్తం బాగుందన్నారు. తర్వాత చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు, మళ్ళీ చూశారు, వద్దన్నారు. పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీయలేదు.

"అది దాని రక్తమేనమ్మా. దానికి రావాల్సింది నాకొచ్చింది. ఎత్తి దానికేయండి."

అక్కడున్న డాక్టరమ్మ అర్థం కాక నవ్వింది. నీకే ప్రమాదం అవ్వా, రోజూ మాత్రలు మింగాలని చీటీ రాసిచ్చింది. పాప పుట్టింది. రెండు అరచేతుల్లో సరిపోయేంత పాప. పెద్దమ్మ ఎత్తుకోలేదు. వేలితో దాని అరికాలు తాకి, బయటికి వచ్చి వరండాలో కూర్చుంది.

బీపీ మాత్రలు పసుపు డబ్బా పక్కన ఉండేవి. తల తిరిగినప్పుడు ఒకటి మింగేది. కుప్పం నుంచి ఫోన్ చేసి మాత్ర మింగావా అని అడిగితే, "మింగితినిలే, నువ్వు తిన్యావా?" అని మాట మార్చేది. పాలకేంద్రం దగ్గర ఆమెను పడేసింది ఆ బీపీ. ఆ మాట శవం దగ్గర నిలబడి చెప్పాను. అన్న నా మీద కోప్పడలేదు. "బీపీ ఊర్లో అందరికీ ఉండాది. వాళ్ళంతా సచ్చిపాయిరా? ఆ గింజలు తినింది మా అమ్మ ఒక్కతే గదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునని తలలూపారు.

మూడో రోజు టీచరమ్మ పరామర్శకు వచ్చింది. కాసేపు ఏడ్చింది. తర్వాత నొచ్చుకుంటూనే ఫోన్ తీసింది. వదిన ముఖం ఫోన్లోని పాత ఫోటోతో సరిపోతేనే ఆ నెల గుడ్లూ పాలూ ఇచ్చినట్టు ఎక్కుతుంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖాన్ని ఫోన్ గుర్తుపట్టలేదు. కళ్ళు తుడుచుకో అమ్మా, ఇట్లా చూడు, రెప్పలు కొట్టు అని టీచరమ్మ ఆమెను వెలుతురు కోసం వాకిలి దాకా నడిపించింది. చివరికి సరిపోయింది. వదిన ముఖం చూసినంత శ్రద్ధగా, ఆమె పళ్ళెంలోకి ఎవరూ తొంగిచూడరు. చూసిన ఒక్క మనిషీ పోయింది.

పదకొండో దినానికి బంధువులొచ్చారు. పొద్దున తిన్నె మీద, పెద్దమ్మ కూర్చునే చోటనే, ఆడవాళ్ళు చేటలు ముందేసుకొని కూర్చున్నారు. ఎదురింటి అక్క కూడా వచ్చింది. ఆమె కళ్ళు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి. "బతికినన్నాళ్ళూ ఆ పాడు గింజలు తినింది. ఈ పొద్దన్నా మంచి బియ్యం పెడదాం" అంది. అందరూ వంచిన తల ఎత్తకుండా, ఒక్కటి కూడా మిగలకుండా ఏరారు. నేను మళ్ళీ చెప్పాను. చదువుకున్న పిల్ల దుఃఖంలో ఏదో అంటోందని ఊరుకున్నారు.

అన్న కూతురికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. చేతులు పుల్లల్లా ఉంటాయి, వయసుకు తగ్గ ఎత్తు లేదు. అది కూడా వదిన పక్కన చతికిలబడి, ఒక గింజను రెండు వేళ్ళతో పట్టి ఎండకు ఎత్తి చూసింది. అచ్చం పెద్దమ్మ చూసినట్టే. చూసి స్టీలు గిన్నెలో వేసింది.

"ఇది మనకి. ఇది అవ్వకి" అంటూ ఏరింది.

గిన్నె అడుగు నిండాక రెండు చేతులా పట్టుకొని, ఒలకకుండా లోపలికి నడిచింది. పూలదండ వేసిన ఫోటో ముందు, దీపం పక్కన పెట్టి వచ్చింది. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వదిన కూడా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, కడుపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో చేట దగ్గరికి లాక్కుంది.