ఒకే ఇంట్లో ముగ్గురు

మా ఆరోగ్య కేంద్రం నర్సమ్మగారు పైవాళ్లు ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. తర్వాత తనకు తోచిందే చేసేవారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల సర్వేలో ట్యాబు ఒక్కో బిడ్డకు ఒకే సమస్య రాయనిచ్చేది. అంతర్వేది వైపు ఒక పాపకు మూర్ఛలొచ్చేవి. నడకా లేదు, మాటా రాలేదు.

"ముఖ్యమైనదొకటి రాయండి" అన్నారు ఆఫీసరుగారు.

"ఆయ్" అని ఆవిడ సమస్యకొకసారి చొప్పున ఆ పాపను మూడుసార్లు ఎక్కించారు. డబుల్ ఎంట్రీలు తీసేయడం నా పని. తీయలేదు.

ఒకే ఇంట్లో ముగ్గురనేసరికి ఆ ఇల్లు జాబితాలో మొదటికొచ్చింది. ఆఫీసరుగారే స్వయంగా నర్సమ్మగారినీ నన్నూ వెంటబెట్టుకుని వచ్చారు. తల్లి పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మిగతా ఇద్దరూ ఏరీ?"

నర్సమ్మగారు పాపను తీసుకుని ఆయన చేతుల్లో పెట్టారు.

"ముగ్గురూ ఈ పిల్లేనండీ. వాళ్లమ్మ అన్నం వార్చుకొచ్చేదాకా కాస్త ఎత్తుకోండి."

ఆయన "ఆయ్" అన్నారు.