గొలుసు కట్టిన కిరీటం

మొన్న గురువారం పదో తరగతిలో ప్రతీక గురించీ వ్యంగ్యం గురించీ పాఠం చెబుతున్నాను. సూరత్‌లో ఒక హైస్కూల్లో నేను గుజరాతీ టీచర్ని. తెలుగువాళ్ల పిల్ల గుజరాతీ చెప్పడమేమిటని మొదట్లో స్టాఫ్ రూమ్‌లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు వాళ్లే తమ పిల్లల వ్యాసాలు దిద్దిపెట్టమని తెచ్చిస్తారు. ఆ రోజు బోర్డు మీద రెండు నిర్వచనాలు రాశాను. ఒక వస్తువు తనను మించిన అర్థాన్ని మోస్తే అది ప్రతీక. పైకి ఒకటి చెబుతూ, వినేవాళ్లకు దానికి ఎదురైనది తగిలేలా చేస్తే అది వ్యంగ్యం. పిల్లలు బుద్ధిగా నోట్సులోకి ఎక్కించుకున్నారు. అంతలో మూడో బెంచీ అమ్మాయి లేచింది. ఏ పాఠాన్నయినా సగంలో ఆపగల సమర్థురాలు. "టీచర్, రచయిత అనుకున్నదేదో సూటిగా చెప్పొచ్చు కదా, మమ్మల్ని ఇన్ని వీధులు తిప్పడమెందుకు?" అంది. క్లాసంతా నవ్వింది. పాఠకుడు తనంతట తాను కనుక్కుంటే అర్థం గట్టిగా నాటుకుంటుందని, గైడు పుస్తకాల్లో ఉండే జవాబే నేనూ చెప్పాను. ఆ అమ్మాయి కూర్చుంది గానీ ఒప్పుకోలేదని మొహమే చెబుతోంది. నిజానికి నాకూ తృప్తిగా లేదు. భేస్తాన్ వైపు వెళ్లే బస్సులో నిలబడి ఇంటికి వస్తుంటే, ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి మా ఇంట్లోనే మంచం మీద కూర్చుని పల్లీలు ఒలుస్తూ ఉంటాడని గుర్తొచ్చింది.

ఆయన మా బాపు. చదివింది ఐదో తరగతి. కరీంనగర్ దిక్కున మా ఊళ్లో మగ్గాలు మూలపడ్డాక సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి కుదిరాడు. ఊళ్లో ఉన్నప్పుడు బాగోతాల్లో రాజు వేషం ఆయనదేనట. ఇక్కడికొచ్చాక రాజ్యం పోయి కంఠం ఒక్కటీ మిగిలింది. సాంచాల మోతలో గొంతెత్తి పద్యం అందుకున్నా పక్కవాడికి వినపడేది కాదు. అదే కార్ఖానాలో పనిచేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, "బావ పద్యం తప్పు పాడిండో ఒప్పు పాడిండో సాంచాకే ఎరుక" అని వెక్కిరించేవాడు. అప్పట్లో మేం వడోద్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్లం. బాపు దారం కండెలొచ్చే అట్టపెట్టెలు విప్పి, వాటి లోపలివైపు పెన్సిలుతో నాటకాలు రాసేవాడు. ఆ అట్టల్ని అమ్మ ఓపిక పట్టినంత కాలం పట్టి, వానాకాలంలో పొయ్యి రాజెయ్యడానికి వాడేది. మా బాపు రచనల్లో సగం అలా మా కడుపుల్లోకే పోయాయి.

ఇక గ్లాసు సంగతి చెప్పాలి. కార్ఖానాలో తలుపు పక్కన నీలంరంగు నీళ్ల డ్రమ్ము, దానికి కింద కుళాయి, కుళాయి పక్కన గొలుసుతో కట్టిన ఒక స్టీలు గ్లాసు ఉండేవి. గొలుసు జానెడు పొడవు. కార్ఖానా యజమాని సేఠ్ దుర్మార్గుడేమీ కాదు. నేను టిఫిన్ డబ్బా తీసుకుని వెళితే "కేమ్ ఛో దీకరీ", ఎలా ఉన్నావు బిడ్డా, అని పలకరించి బెల్లం అచ్చు చేతిలో పెట్టేవాడు. ఒక నెలలో మూడు గ్లాసులు మాయమైతే విసిగిపోయి గొలుసు వేయించాడు. అయితే ఆ గొలుసుతో నీళ్లు తాగాలంటే ఎడమ చెయ్యి డ్రమ్ముకు ఆనించి, కుడికాలు వెనక్కి జరిపి, నడుం వంచి మెడ పక్కకు తిప్పాలి. పన్నెండు గంటల షిఫ్టులో అరవైమంది మగవాళ్లు అలాగే తాగేవారు. నేనూ తాగాను. నా ఎత్తుకు ఆ గొలుసు అతికినట్టు సరిపోయేది, కాబట్టి అందులో తప్పేముందో నాకు తోచలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, వినాయకచవితి పందిరి దగ్గర మనవాళ్లు నాటకం వెయ్యాలనుకున్నారు. వారంలో సాంచాలు ఆగేది ఒక్కరోజు, అదీ సాయంత్రం ఏడింటిదాకానే, ఆ తర్వాత రాత్రి షిఫ్టు. అందుకని ఊళ్లో తెల్లవార్లూ ఆడే బాగోతాన్ని సూరత్‌లో పట్టపగలు మూడింటికి, రేకుల షెడ్డు కింద, చెమటలు కక్కుతూ ఆడాల్సి వచ్చింది. తెరకు బట్ట సేఠ్ ఇచ్చాడు. ఆ బట్ట నేసిందీ, దాని వెనక నిలబడి వేషాలు కట్టుకుందీ ఒకరే కాబట్టి తెర కొలతలో తేడా రాలేదు. బట్ట ఇచ్చిన మనిషిని పిలవకుండా ఎలా ఉంటారు? సేఠ్ ముఖ్య అతిథిగా వస్తానన్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. పక్కన కూర్చుని మాట మాటకీ గుజరాతీలో చెప్పే పని నాకు అప్పగించారు. కొత్త గౌను వేసుకున్నాను, పంచాయతీ ప్రెసిడెంటు కుర్చీ దొరికినంత గర్వంగా ఉంది.

నాటకం కథ చిన్నదే. ఒక రాజుకు తన కిరీటం ఎవరో ఎత్తుకుపోతారని భయం. అందుకని దాన్ని సింహాసనానికి కట్టేయించుకుంటాడు. ఇక లేవలేడు, తలెత్తలేడు, తిండీ నిద్రా అక్కడే. రిహార్సల్లో తాడుతో కట్టేవారు. ఆ రోజు వేషం కట్టాక బాపు సంచీలోంచి ఒక గొలుసు బయటికి తీశాడు. డ్రమ్ము దగ్గరున్నదాని లాంటిదే, అంత పొడవే. మంత్రి వేషంలో ఉన్న మామకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

"ఏంది బావా ఇది? సేఠ్ ముంగటనే కూసుంటడు!"

"రాజుకు తాడేంది రా, గలీజుగ. గొలుసుంటే జర షాన్‌గ ఉంటది" అన్నాడు బాపు, మీసానికి కాటుక దిద్దుకుంటూ.

మామ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నెత్తిన పాగా, కళ్లల్లో భయం. "బిడ్డా, జర మంచిగ చెప్పు. సేఠ్ మనసు ఇరిగిందంటే రేపే మీ బాపుకు ఛుట్టీ. ఇగ ఊరికి పోయి మీ అమ్మ బీడీలు చేసుడు, నువ్వు ఆకు కత్తిరించుడు. నీ సదువు గంగల గలుస్తది." ఆడవాళ్ల వైపు కూర్చున్న అమ్మ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులోనూ అదే మాట ఉంది. పదమూడేళ్ల పిల్లను, బాపు ఉద్యోగం, నా బడి, అమ్మ చేతివేళ్లు అన్నీ నా నాలుక మీద పెట్టి కూర్చోబెట్టారు.

తెర లేచింది. బాపు కుర్చీలో ఉన్నాడు. కిరీటం గడ్డం కింద నాడాతో బిగించి ఉంది, దాని గొలుసు కుర్చీ చేతికి ఉంది. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. మామ అందుకున్నాడు: "ఆహా, మా రాజుకు ఎంత వినయం! అందరి ముంగట తల వంచే ఉంటడు! ఆహా, మా రాజుకు ప్రజలంటే ఎంత పావురం! మమ్ములిడిసి గడప దాటడు!" జనం గొల్లుమన్నారు. నేను సేఠ్ చెవిలో చెప్పాను: రాజుగారికి వినయం ఎక్కువట, ప్రజలంటే ఎంతో ప్రేమట, వాళ్లను వదిలి ఎక్కడికీ వెళ్లడట. ఒక్క అక్షరం కూడా తప్పు చెప్పలేదు. సేఠ్ నావైపు వంగాడు.

"తో పఛీ బధా హసే ఛే కేమ్?" మరి రాజును పొగుడుతుంటే అందరూ నవ్వుతున్నారెందుకు?

నా ఉద్యోగ జీవితంలో వ్యంగ్యం మీద చాలా పుస్తకాలు తిరగేశాను. ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పండితుడూ వెయ్యలేదు. అప్పుడు మాత్రం నాకు మామ మాటలే గుర్తొచ్చాయి. "కిరీటం వంకరగా ఉందని నవ్వుతున్నారు సేఠ్" అన్నాను. అబద్ధం చెప్పాననుకున్నాను. ఆయన తలూపి మళ్లీ స్టేజీ వైపు తిరిగాడు.

తర్వాతి రంగంలో రాజుకు దాహం వేస్తుంది. భటుడు స్టూలు మీద చెంబు పెట్టి వెళ్లిపోతాడు. బాపు ఎడమ చెయ్యి స్టూలుకు ఆనించాడు. కుడికాలు వెనక్కి జరిపాడు. గొలుసు సాగినంత మేర నడుం వంచి, మెడ పక్కకు తిప్పి, చెంబు అంచుకు పెదవులు అందించాడు. రోజూ డ్రమ్ము దగ్గర ఎలా తాగుతారో అచ్చం అలాగే, ఏ తొందరా లేకుండా, గుటక గుటకా తాగాడు. మొదట పెద్ద నవ్వు లేచింది. తర్వాత అది దానంతటదే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాల్సింది సేఠ్. మెడలు తడుముకున్నది మాత్రం మనవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు, చెయ్యి వెనక్కి పెట్టి మెడ నిమురుకుంటూ కూర్చున్నారు. సేఠ్‌కు భయపడి నోరు మూసుకున్నారనుకున్నాను. ఆ రంగంలో మాటలు లేవు. అనువాదం చెయ్యడానికి నాకేమీ మిగల్లేదు. సేఠ్ కూడా నన్నేమీ అడగలేదు. బాపు మెడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

నాటకం అయ్యాక దండ వెయ్యడానికి ఆయన్ని స్టేజీ మీదికి పిలిచారు. బాపు ఇంకా ఆ కుర్చీలోనే వంగి ఉన్నాడు. సేఠ్ దండ పట్టుకుని దగ్గరికి వెళ్లి ఆగాడు. దండను మామ చేతికిచ్చి, కుర్చీ చేతికున్న గొలుసు కొక్కెం తన చేత్తోనే విప్పాడు. మైకు అక్కడే ఉండడంతో ఆయన మాట అందరికీ వినపడింది.

"రాజా సాబ్, అబ్ ఖడే హో జావ్."

బాపు లేచి నిలబడ్డాడు. మా బాపు అంత పొడగరి అని నాకు ఆ రోజే తెలిసింది. కిరీటం వెళ్లి పైన కట్టిన తెర తాడుకు తగిలింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. సేఠ్ దండ వేసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి బాపుకు షిఫ్టు లేదు, తెల్లవారి పగలు డ్యూటీ. అమ్మ అన్నం వండి, ఊరికి తీసుకెళ్లే ట్రంకు పెట్టె మూత తీసి ఒకసారి చూసి మళ్లీ మూసింది. మర్నాడు మధ్యాహ్నం డబ్బా నేనే తీసుకెళ్లాను. కార్ఖానా గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూశాను. లోపల సాంచాలు మోగుతున్నాయి, బాపు తన సాంచా దగ్గరే ఉన్నాడు. డ్రమ్ముకు గొలుసు లేదు. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. మామ ఆ పక్కనే నిటారుగా నిలబడి, తల వెనక్కి వేసి, నీళ్లన్నీ చొక్కా మీద పోసుకుంటూ తాగుతున్నాడు. నిలబడి తాగడం మరిచిపోయినట్టున్నాడు.

ఇక్కడితో ఆపితే నా పాఠానికి బాగుండేది. కానీ వారం తిరక్కుండానే ఆ గ్లాసు పోయింది. "సూసినవా, సేఠే కరెక్ట్" అని మామ పకపకా నవ్వాడు. మర్నాడు బాపు మా ఇంట్లోంచి, అమ్మ పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన గ్లాసు తీసుకెళ్లి డ్రమ్ము మీద పెట్టాడు. అమ్మ చేతి సద్ద రొట్టె తినని వాడు ఆ కార్ఖానాలో లేడు. అందరూ అక్కా అని పిలిచే మనిషి పేరున్న గ్లాసును ఎవడు ఎత్తుకుపోతాడు? బాపు పని మానేసేదాకా, పందొమ్మిదేళ్లు, అది అక్కడే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఉంది. స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లు తమ నాన్నలు కట్టించిన ఇళ్ల గురించి మాట్లాడుతుంటే నాకు ఆ గ్లాసు గుర్తొస్తుంది. మా బాపు ఒక్క మాట ఎదురు చెప్పకుండా అరవైమంది నడుములు నిలబెట్టాడని నాకు గర్వం. దాచుకోను.

గురువారం సాయంత్రం ఇల్లు చేరాక బాపు పక్కన కూర్చున్నాను. సాంచాల మోత ఆయన చెవుల్ని తినేసింది. డాక్టరిచ్చిన మిషన్ పెట్టుకోడు, అందులో సాంచా మోగినట్టే ఉంటుందంటాడు. అందుకని వీధికంతా వినపడేలా అరిచాను, సేఠ్‌కు సూటిగా చెప్పొచ్చు కదా, అంత నాటకం ఎందుకాడావని. బాపు పల్లీలు పక్కన పెట్టి నావైపు వింతగా చూశాడు.

"సేఠ్‌కా? సేఠ్‌కు చెప్పాల్నంటే ఆఫీసుల వోయి చెప్తుంటి గద బిడ్డా. గాయినె ఇనకపోయేటోడేం కాదు."

"మరెవరికి?"

"మనోళ్లకు. ఆరేండ్లు వంగి తాగినం. వంగుతున్నమన్న సంగతే మతికి లేకుండె. నాకు గూడ లేకుండె. ఒకనాడు ఇంట్ల అద్దం ముంగట నీళ్లు తాగవోతే, గొలుసు లేకున్నా మెడ దానంతటదే వంగింది. గది మనోళ్లకెట్ల చెప్పాలె? 'అరె, నువ్వు వంగుతున్నవ్' అంటే కొడ్తరు. అందుకే నేను వంగి సూపెట్టిన."

ఆ రోజు ఆగిపోయిన నవ్వు, మెడల మీదికి వెళ్లిన చేతులు, చొక్కా తడుపుకున్న మామ, అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చాయి. బాపు అమ్మ పేరున్న గ్లాసు అందుకుని, తల బాగా పైకెత్తి నీళ్లు తాగి, మళ్లీ పల్లీలు ఒలవడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం పొల్లుపోకుండా మాట మాటకీ అనువదించిన దాన్ని నేనే. అర్థం నా దాకా రావడానికి మాత్రం పాతికేళ్ల పైనే పట్టింది.