దేవునికి తీసిన బియ్యం

మా ఇంట్లో పొయ్యి పక్కన, గోడకు ఆనించి, అంచు విరిగిన ఒక చిన్న కుండ ఉండేది. వంటకు చేటలో బియ్యం పోసుకున్న ప్రతిసారీ అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలీ కదలకుండా రెండు మాటలు అనుకుని, ఆ కుండలో వేసేది. ఆ తరువాతే మిగిలిన బియ్యం కడిగేది. ఆదివారం నాడు ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకువెళ్లి, ముందు వరుసకు ఎదురుగా పెట్టిన గంపలో పోసేది. మా పేటలోని స్త్రీలందరూ అలాగే చేసేవారు. గంపలో చేరిన బియ్యం కొంత పాస్టరు గారి ఇంటికీ, కొంత దిక్కులేని ముసలివాళ్లకూ వెళ్లేది.

కుండలో పడిన గింజ ఇక మాది కాదు. ఈ నియమాన్ని అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలియదు కానీ, దాన్ని తప్పడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. నాన్న బిట్రగుంటలో రైలింజన్ల షెడ్డులో బొగ్గు ఎత్తే పని చేసేవారు. నా చిన్నతనంలో ఒక ఏడు వానలకు పని ఆగి, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. వరుసగా నాలుగు రోజులు మునగాకు ఉడకబెట్టుకుని తిన్నాం. నాన్న ఆ కుండలోకి తొంగి చూసి, "దేవుడి బియ్యం మన బియ్యం కన్నా సన్నంగా ఉన్నట్టుండాయే!" అన్నారు.

"కళ్లతో చూడు. చేత్తో మాత్రం ముట్టబాక," అంది అమ్మ.

"వాసన చూడొచ్చా?"

"నీ ముక్కుకు బొగ్గు తప్ప ఇంకేం తెలుస్తుందిలే."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆకలి ఉన్నా ఆ ఇంట్లో భయం ఉండేది కాదు. ఆ కుండ అక్కడ నిండుగా ఉండటమే ఏదో ధైర్యంగా తోచేది. దేవుడు మా ఇంట్లోనే ఒక మూల కాపురం ఉన్నాడని నేను అనుకునేదాన్ని.

యాభైల చివర నేను కావలి కాలేజీలో చేరాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఉదయం ప్యాసింజరు బండిలో వెళ్లి, సాయంత్రం మళ్లీ అదే దారిలో వచ్చేదాన్ని. బి.ఎ. చివరి సంవత్సరంలో అమ్మ మంచాన పడింది. దగ్గు, జ్వరం, ఎముకల గూడు. డాక్టరు చెప్పవలసింది నాన్నకు చెప్పేశారు, నాన్న నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు నేను కాలేజీకి వెళ్లలేదు. నాన్న తెల్లవారకముందే పనికి వెళ్లారు. వచ్చేటప్పుడు బియ్యం తెస్తానన్నారు. రెండు రోజులుగా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని అమ్మ, కాస్త ఎండ పొడిచాక కళ్లు తెరిచి నన్ను పిలిచింది.

"గంజి తాగాలనుండాదమ్మా."

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మరుక్షణమే డబ్బాలో బియ్యం లేవన్న సంగతి గుర్తొచ్చింది. నాన్న వచ్చేదాకా ఆగమన్నాను. అమ్మ తల కొద్దిగా తిప్పి పొయ్యి వైపు చూసింది.

"దాన్లో ఉండాయిగా. రెండు పిడికిళ్లు తియ్యి."

"అమ్మా, అవి దేవుడివి."

"తెలుసులే. తియ్యి. ఆయనేం అనుకోడు."

అది జ్వరంలో వచ్చిన మాట అనుకున్నాను. ఇరవై ఏళ్లు ఒక్క గింజ ముట్టని మనిషి తెలివిలో ఉండి ఆ మాట అనదని తీర్మానించుకున్నాను. తన నిష్ఠను తాను కాపాడుకోలేని సమయంలో దాన్ని కాపాడటం కూతురిగా నా ధర్మమని నాకు తోచింది. చదువుకున్నదాన్ని కదా, అన్నీ తర్కంతో తేల్చుకున్నాను. "ఇప్పుడే తెస్తానుండు," అని చెప్పి గిన్నె తీసుకుని బయటికి వెళ్లాను.

మొదటి ఇంటికి తాళం వేసి ఉంది. రెండో ఇంట్లో వాళ్లకే చాలవు. మూడో ఇంటి ఆవిడ అమ్మ సంగతి అడిగి, కళ్లొత్తుకుని, రోట్లో ఉన్న వడ్లు దంచి చెరిగి ఇస్తానంది. ఇచ్చేదాకా నిలబడ్డాను. ఇంటికి వచ్చి పొయ్యి అంటిస్తే పుల్లలు చెమ్మగా ఉన్నాయి. గంజి కాచి, చల్లార్చి, చెంచాతో పెదవుల దగ్గర పెట్టేసరికి అమ్మ నోరు తెరవలేదు. పోసిన గంజి పెదవి చివరినుంచి జారి మెడ మీదికి దిగింది. కొంగుతో తుడిచాను. ఇంకో చెంచా పోశాను. అదీ జారింది.

మధ్యాహ్నం నాన్న బియ్యం మూటతో వచ్చారు.

అమ్మను సమాధి చేశాక వచ్చిన ఆదివారం నాడు నాన్న ఒక్కరే చర్చికి వెళ్లి కుండలోని బియ్యాన్ని గంపలో పోసి వచ్చారు. అమ్మ అడిగిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పట్టా వచ్చింది, ఆ తరువాత టీచరు ట్రైనింగూ పూర్తయింది. అయితే ఆ రోజు నుంచి నేను ప్రార్థన చేయలేకపోయాను. దేవుడు లేడని అనిపించి కాదు. మోకరించి కళ్లు మూసుకుంటే ఆ చెంచా కనిపించేది. అమ్మ నోటి దగ్గరి గంజి కన్నా తన పిడికెడు బియ్యం ముఖ్యమని దేవుడు అనుకున్నాడా, లేక ఆయన అనుకోని దాన్ని ఆయన పేరు మీద నేనే అనుకున్నానా? మొదటిది నిజమైతే ఆయనతో నాకు మాటలు లేవు. రెండోది నిజమైతే ఆయనకు చూపించడానికి నాకు ముఖం లేదు.

అరవైల మొదట్లో ఉద్యోగం వచ్చింది. ఊరు సముద్రపు ఒడ్డున. కావలి నుంచి బస్సు దిగి, బకింగ్‌హాం కాలువను పడవ మీద దాటి, ఇసుకలో రెండు మైళ్లు నడవాలి. ఆ ఊళ్లో క్రైస్తవుల ఇల్లు ఒక్కటీ లేదు. ఇల్లు అద్దెకు అడిగిన ప్రతిచోటా ముందు నా ఊరు అడిగారు, తరువాత పేట అడిగారు, ఆ తరువాత ఇల్లు ఖాళీ లేదన్నారు. చివరికి ఊరి చివర సరుగుడు తోట పక్కన ఒక ముసలి ముస్లిం స్త్రీ తన ఇంట్లో సగం ఇచ్చింది. ఆమె భర్త ఊరూరూ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడట, పోయి చాలా ఏళ్లయింది. ఆమె పాత చీరలతో బొంతలు కుట్టేది. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని.

నా ట్రంకుపెట్టెలో అమ్మ కుండ తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బియ్యం చేటలో పోసుకోగానే నా చేయి తనంతట తాను ఒక పిడికెడు తీసేది. కళ్లు మూతపడేవి. మాటలు మాత్రం వచ్చేవి కావు. పోయడానికి చర్చి లేదు కనుక బియ్యం కుండలో పేరుకుపోయేది. పురుగు పట్టకుండా అప్పుడప్పుడూ ఎండబోసేదాన్ని. క్రిస్మస్ సెలవులకు బిట్రగుంట వెళ్లినప్పుడు తీసుకువెళ్లాలని అనుకున్నాను.

అవ్వ ఒకసారి చూసి, "ఏంది టీచరమ్మా, నేను దొంగిలిస్తానని దాచుకుంటా ఉండావా?" అంది.

"అలవాటవ్వా."

"మంచి అలవాటే. నాకు బొంత కుట్టేటప్పుడు సూది పోగొట్టుకునే అలవాటు."

బడిలో మధ్యాహ్నం పూట నేను ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. తోటి ఉపాధ్యాయులు చెడ్డవారు కారు. పలకరించేవారు, పాఠాల సంగతి మాట్లాడేవారు, క్యారియర్లు తెరిచే వేళకు మాత్రం వేరే గదిలోకి వెళ్లేవారు. బావి దగ్గర నా బిందెలో ఎవరైనా నీళ్లు పోసేదాకా నిలబడేదాన్ని. ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు. అదే కష్టంగా ఉండేది. తిరిగి ఏమైనా అనడానికి అక్కడ ఎదురుగా ఎవరూ ఉండరు. సాయంత్రాలు తోటలో గాలి చప్పుడు, దాని వెనుక సముద్రపు చప్పుడు. ఆ రెంటినీ విడదీసి వినడం నాకు అలవాటైపోయింది. కార్తీకంలో వానలు మొదలయ్యేనాటికి రాజీనామా ఉత్తరం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్తే అక్కడ ఆ పొయ్యి ఉంటుంది. ఇక్కడ ఉంటే ఎవరూ ఉండరు. ఆ ఉత్తరాన్ని పంపలేకా, చించలేకా రోజూ ఒకసారి తీసి చదువుకునేదాన్ని.

ముసురు పట్టింది. కాలువ పొంగి పడవ ఆగిపోయింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక కొట్లో సరుకు అయిపోయింది. అప్పుడే నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. నుదుటి మీద తడిగుడ్డ, అవ్వ గాజుల చప్పుడు, కప్పు మీద వాన. మూడో రోజు మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి గదిలో గంజి వాసన. అవ్వ నా తల కింద చేయి పెట్టి లేపి, గిన్నె నోటికి అందించింది. రెండు గుక్కలు తాగాను. అప్పుడు గుర్తొచ్చింది, వారం నుంచి ఈ ఇంట్లో ఆమె భాగంలోనూ నా భాగంలోనూ బియ్యం లేవు.

"బియ్యం యాడివవ్వా?"

ఆమె గడ్డంతో మూల వైపు చూపించింది. కుండ మీది మూత పక్కన పెట్టి ఉంది.

నేను గిన్నెను తోసేశాను. సగం గంజి చాప మీద ఒలికింది.

"అవి దేవుడివవ్వా!"

"తెలుసులే," అంది.

అదే మాట. అమ్మ అన్న మాటే. ఒంట్లో జ్వరం ఒక్కసారి చల్లబడినట్టయింది.

"తెలిసి తీసినావా?"

"తెలియకేం? వచ్చిన్నాటి నుంచీ చూస్తా ఉండా. కళ్లు మూసేది, కుండలో వేసేది. మేం గూడా తీసేవాళ్లం, ఫకీరు సాయిబు వస్తే పెట్టేదానికి. ఈ వానలో ఫకీరు యాడొస్తాడు? ఈ వారం ఫకీరువి నువ్వే. నోరు తెరు."

"పాపమవ్వా."

"అయితే నా పేరున రాసుకోమను. నాకిప్పటికే చానా ఉండాయి, దాన్లో ఇదొకటి. ఇంత చదువు చదివినావు, గంజి చల్లారితే బాగుండదని తెలీదా నీకు?"

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. రెండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి, అమ్మ అడగడం, నేను వద్దనడం, మూడో ఇంటి దగ్గర నిలబడటం, చెంచా, అన్నీ చెప్పాను. అవ్వ అడ్డు రాలేదు, ఓదార్చలేదు. చాప మీది గంజి గుడ్డతో తుడుస్తూ విన్నది. చివరికి ఒక్కటి అడిగింది.

"మీ అమ్మే అడిగిందా, దాన్లోంచి తియ్యమని?"

"అడిగింది."

"అయితే ఆమెకు తెలుసు, ఆయన ఇస్తాడని. నీకు తెలీలా. అంతే గదా?" గుడ్డ పిండుతూ, "చిన్నదానివి," అంది. ఆ తరువాత మిగిలిన గంజి నాకు తాగించి, ఖాళీ గిన్నె తీసుకుని తన వైపు వెళ్లిపోయింది.

నేను వాన వింటూ పడుకున్నాను. అమ్మ దేవుణ్ని యజమానిగా కాక ఇంటి మనిషిగా ఎరిగి ఉంది. అవసరమైనప్పుడు అడగగలిగినంత దగ్గరగా. నేను మాత్రం ఆయన కుండకు కాపలా కాశాను. ఆయన ఇవ్వబోయిన గంజికి గడప దగ్గర అడ్డం నిలబడ్డాను. అది తెలిశాక దుఃఖం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గిందని చెప్పను. అయితే ఆ దుఃఖంతో దాక్కోవడానికి ఆయన నుంచి దూరంగా పోవలసిన పని లేదని, ఆయన దగ్గరికే పోవచ్చని మొదటిసారి తోచింది. లేచి మోకరించే శక్తి లేదు. పడుకునే కళ్లు మూసుకున్నాను. చర్చిలో నేర్చిన మాటలు ఒక్కటీ రాలేదు. "తాగాను ప్రభువా," అన్నాను. అంతే.

వానలు వెలిసి పడవ తిరిగి నడిచిన రోజున హెడ్మాస్టరు గారు గది బయట నిలబడి, కావలికి మనిషిని పంపుతున్నామని, టపాలో వేయవలసిన ఉత్తరాలేవైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్కటే ఉంది. "ఏమీ లేవండీ," అన్నాను. మధ్యాహ్నాలు నేను ఒంటరిగానే తిన్నాను. బావి దగ్గర నిలబడుతూనే ఉన్నాను. ఆ ఊళ్లో ఇంకా ఆరేళ్లు పనిచేశాను.

ఆ ఏడు క్రిస్మస్ ముందు శనివారం బిట్రగుంటలో బండి దిగాను. నాన్న నా చేతిలోని కుండ అందుకుని, లోపల చూసి, "ఇంతేనా అమ్మా?" అన్నారు. అడుగున నాలుగు పిడికిళ్లు ఉన్నాయేమో.

"గంజి కాచుకుని తాగినా నాన్నా."

అప్పుడు ఆయనకు మొత్తం చెప్పాను. అమ్మ అడిగిన మాట దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయాను. ఆయన గడప మీద కూర్చుని, గోళ్ల సందుల్లో బొగ్గు ఉన్న ఆ చేతులను మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు వాటినే చూశారు.

"నన్ను గూడా అడిగినాదమ్మా," అన్నారు. "ముందురోజు సాయంత్రం. రేపు తెస్తాలే, దాన్ని ముట్టబాక అని నేనే చెప్పినా."

ఒకే కప్పు కింద అన్నాళ్లు ఒకరికొకరు కనిపించకుండా మేమిద్దరం మోసినది ఒకటే.

కుండ నేను తీసుకుపోయాక నాన్న ఒక పాత రేకు డబ్బాలో దేవుడికి బియ్యం తీస్తున్నారు. ఆయన లేచి పొయ్యి అంటించారు. ఎసరు పెట్టారు. ఆ డబ్బా మూత తీసి లోపల చేయి పెట్టారు. వేసేటప్పుడు మూసుకునేటట్టే, తీసేటప్పుడు కూడా ఆయన కళ్లు మూసుకున్నారు.