గ్యారంటీ దుప్పి

2013 స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో ఒక బుధవారం ఉదయం ఆరు గంటలకు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి బయలుదేరాం. కారులో ఇద్దరమే, నేనూ మా అమ్మాయి నిత్యా. వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా పెట్టుకున్నాం. వెళ్తున్నది మాత్రం వేటకి. చీమల మందు చల్లేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకునే నేను వేటకి వెళ్తున్నానంటే మా వాళ్ళెవరూ నమ్మలేదు.

దీనికంతటికీ మూలం ఒక చికెన్ కూర. నిత్యకి పదిహేనేళ్ళు. కిందటేడు ఒక ఆదివారం కంచం ముందు కూర్చుని, "దీన్ని ఎవరు కిల్ చేశారు అమ్మా?" అంది. స్టోర్‌లో కొన్నానే అన్నాను. "అదే కదా. మనం చూడం, బట్ తింటాం," అని ఆ రోజు నుంచి మాంసం మానేసింది. పోనీలే అనుకుంటే కొన్నాళ్ళకి కొత్త పాట ఎత్తుకుంది. తినాలంటే తనే వేటాడాలట. ఆ జంతువుకి తప్పించుకునే అవకాశం ఉండాలట. అప్పుడైతేనే తింటుందట. వేటగాళ్ళ కోర్సు పాసైంది, గురి నేర్చుకుంది, మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది. మా ఆయన వేణు సరేనని మాటిచ్చేశాడు. తీరా ఆ వారమే ఆయన ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వచ్చి పడింది. వేట నా నెత్తిన పడింది.

వేట ఏర్పాట్లు చేసేవాళ్ళని ఇక్కడ ఔట్‌ఫిట్టర్లు అంటారు. అడవి, గైడు, తుపాకీ, బస, తిండి అన్నీ వాళ్ళవే. ఒకరిని ఎంచుకోవాలి కాబట్టి ముగ్గురికి ఫోన్ చేశాను. మొదట మాట్లాడినాయన ఎవరో పెద్దాయన. "మూడు రోజులు కూర్చున్నా ఏమీ కనబడకపోవచ్చు. ఖాళీ చేతులతో ఇంటికెళ్ళడానికి సిద్ధపడితేనే రండి," అన్నాడు. వ్యాపారం చేసుకునే మనిషి మాట్లాడే మాటలేనా ఇవి? నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. రెండోవాడు మళ్ళీ చేస్తానని చేయలేదు. మూడో ఆయన్ని మీ సక్సెస్ రేట్ ఎంత అని అడిగితే, "నూటికి నూరు, మేడం. గ్యారంటీ," అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. నన్ను ఎంసెట్ కోచింగ్‌లో చేర్పించేటప్పుడు మా నాన్న అడిగింది కూడా ఈ ఒక్క ప్రశ్నే.

"వేటకి గ్యారంటీ ఎలా ఇస్తారు అమ్మా? దట్స్ వియర్డ్," అంది నిత్య.

"పెద్దవాళ్ళం మేం చూసుకుంటాంలే," అని బుక్ చేసేశాను.

డాలస్ ట్రాఫిక్ దాటి వేకో చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడ కారు ఆపి పులిహోర తిన్నాం. అక్కడి నుంచి పడమటి దారి పట్టాం. రోడ్డుకి రెండు పక్కలా పొట్టి చెట్లు, రాళ్ళు, అక్కడక్కడా ఆవులు. పదిన్నరకి లంపాసస్‌లో గ్యాస్ కొట్టించుకున్నాం. నిత్య తల మీది టోపీ చూసి కౌంటర్ దగ్గరి ముసలాయన, "వేటకా? గుడ్ లక్ పాపా," అన్నాడు.

"మాకు గ్యారంటీ ఉందండీ," అన్నాను గొప్పగా.

ఆయన చిల్లర ఇస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే లక్‌తో పనేముంది?" అన్నాడు. మెచ్చుకోలనే అనుకుని థాంక్స్ చెప్పి వచ్చాను.

లానో ఊరు దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. మట్టిరోడ్డు మీద అరగంట తడుముకుని పన్నెండుంపావుకి రాంచ్ గేటు చేరాం. పేరు రాయను. గేటు నుంచి రెండు వైపులా, కంటికి ఆనినంత దూరం, మనిషికంటే ఎత్తున ఇనుప కంచె. "ఇంత పెద్ద ఫెన్స్ ఎందుకు?" అంది నిత్య. దొంగలు రాకుండా అయ్యుంటుందిలే అన్నాను. అది నా మొహం వంక అదోలా చూసింది.

బసకి వంక పెట్టడానికి లేదు. మంచి మంచం, వేడినీళ్ళు, వరండాలో ఊగే కుర్చీలు. హాల్లో మాత్రం నాలుగు గోడల మీదా తలకాయలే. అందులో ఒకటి మెలికల కొమ్ముల కృష్ణజింక. దాని పక్కన తెల్లచుక్కల దుప్పి. అచ్చం హైదరాబాద్ జూలో చూసినదే. "మీ దేశం నుంచి వచ్చినవే, మేడం. ఇక్కడ యాక్సిస్ అంటాం. మీ అమ్మాయి కొట్టబోయేది దాన్నే," అన్నాడు ఓనర్ నవ్వుతూ. ఎక్కడి నల్లమల, ఎక్కడి టెక్సస్! పరాయి ఊళ్ళో సొంత ఊరి మనిషి కనబడ్డట్టు అనిపించి, ఆ వెంటనే దాన్ని కొట్టడానికే వచ్చామని గుర్తొచ్చింది.

సాయంత్రం నాలుగింటికి గైడు మమ్మల్ని జీపులో తీసుకెళ్ళాడు. పేరు డేల్, యాభై దాటిన మనిషి, పెద్దగా మాటల్లేవు. చెక్కతో కట్టిన ఒక చిన్న గది ఎక్కించాడు. మన చేల్లో మంచె లాంటిదే, కాకపోతే గోడలూ కిటికీలూ ఉన్నాయి. ఎదురుగా కొంచెం దూరంలో మూడు కాళ్ళ మీద ఒక డబ్బా. ఐదింటికి ఆ డబ్బా గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చల్లింది. గింజల చప్పుడు ఆగకముందే పొదల్లోంచి దుప్పులు నడుచుకుంటూ వచ్చాయి. పరిగెత్తి కాదు, భయపడుతూ కాదు, బడిలో మధ్యాహ్నం గంట కొడితే పిల్లలు వచ్చినట్టు.

అన్నిటికంటే పెద్దది, కొమ్ములది, ఎదురుగా వచ్చి నిలబడింది. నిత్య రైఫిల్ ఎత్తి గురి చూసింది. నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. కళ్ళు తెరిస్తే తుపాకీ కిందకి దించి ఉంది.

"అమ్మా, దాని చెవి చూడు. హోల్ ఉంది. ట్యాగ్ తీసేశారు. ఇది పెంచింది అమ్మా."

"కొట్టు పాపా, ఇంతకంటే బాగా నిలబడదు," అన్నాడు డేల్.

"అది మనల్ని చూస్తుంది, బట్ పోదు. దానికి భయం లేదు. నేను కొట్టను."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? తెల్లవారుజామున లేచి అంత దూరం వచ్చాం, వాళ్ళ నాన్న ఫోటో కోసం కాచుకుని కూర్చున్నాడు, ఇంత మంచి గురి మళ్ళీ దొరకదేమోనని, నిత్య చెవిలో గుసగుసగా, "కాల్చెయ్ తల్లీ," అన్నాను. చీమల మందుకి మొహం తిప్పుకునే నేను! నిత్య తుపాకీ పక్కన పెట్టి నావైపు చూసింది. ఆ చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది.

ఏడింటికి భోజనాల దగ్గర ఓనర్ ఏమీ జరగనట్టే మాట్లాడాడు. "మొదటిసారి అందరికీ చేతులు వణుకుతాయి. రేపు పొద్దున్న మళ్ళీ కూర్చోండి. అప్పుడూ కొట్టలేకపోతే డేల్ కొడతాడు. తలా మీకే, మాంసమూ మీకే. మా దగ్గర ఖాళీ చేతులతో ఎవరూ వెళ్ళరు. గ్యారంటీ అంటే అదే."

"నేను వద్దు అంటే?" అంది నిత్య.

"అది నీకోసమే తెప్పించి వదిలిన దుప్పి, బంగారం."

నిత్య కంచం నెట్టేసి లేచి వెళ్ళిపోయింది. నేను వదల్లేదు. ఆ దుప్పిని వదిలేయండి, పైసా వెనక్కి అడగం అన్నాను. బతిమాలాను కూడా. "మీరు కొన్నది వేట, మేడం. దుప్పిని కాదు. మీ ఒక్కరి కోసం నా నూరు తొంభై తొమ్మిది అయితే ఎలా?" అన్నాడు. తప్పేలా ఉన్న పిల్లల్ని పరీక్షకి ముందే ఏదో వంకతో పంపించేసి, నూటికి నూరని బోర్డు కట్టుకునే కాలేజీలు నేనెరగనివా? నూరు ఎలా వస్తుందో తెలిసి కూడా నూరు కోసమే పరిగెత్తుకొచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వరండా చివర సిగ్నల్ దొరికే చోట నిలబడి వేణుకి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే శనివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి దుప్పి కూర తెస్తానని ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశాడట. "మన పాప కొట్టకపోయినా ఆ గైడు కొట్టేస్తాడు కదా. చచ్చేది ఎలాగూ చస్తుంది, మాంసమైనా తెచ్చుకోండి," అన్నాడు. ఫోన్ కట్ చేశాను. ఇంకొక్క నిమిషం మాట్లాడితే నోటికొచ్చినవన్నీ అనేసేదాన్ని.

గదిలోకి వెళ్తే నిత్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "డేల్ దాన్ని కిల్ చేస్తే నేను నీతో ఇంకెక్కడికీ రాను అమ్మా. నువ్వు కూడా కాల్చెయ్ అన్నావు," అంది. రేపు వెళ్ళడం మానేద్దాం, తెల్లారగానే ఇంటికి పోదాం అన్నాను. "నేను లేకపోతే ఆయనకి ఈజీ కదా. నేను అక్కడికి పోతాను," అంది. దానికి నిద్ర పట్టిందో లేదో కానీ నాకు పట్టలేదు.

ఉదయం ఏడున్నరకి మళ్ళీ మంచె ఎక్కాం. ఈసారి డేల్ తన సొంత రైఫిల్ తెచ్చుకున్నాడు. ముగ్గురం మోకాళ్ళు తగులుకుంటూ కూర్చున్నాం. ఎనిమిదింటికి డబ్బా తిరిగింది. గింజలు రాలాయి. ఆ కొమ్ముల దుప్పి వచ్చింది, నిన్నటి చోటే నిలబడింది.

నిత్య తన రైఫిల్లోంచి తూటాలు తీసేసి బల్ల మీద పెట్టింది. డేల్ ఒక నిట్టూర్పు విడిచి కిటికీలోంచి తన తుపాకీ బయటకి పెట్టాడు.

"వద్దు," అన్నాను. "బుకింగ్ నా పేరు మీద ఉంది. నా పేరు మీద నువ్వు దాన్ని చంపడానికి వీల్లేదు."

"ఓనర్ చెప్పాడు మేడం. నా పని నన్ను చేయనివ్వండి," అని తుపాకీకి కన్ను ఆనించాడు.

నేను అతని భుజం పట్టుకోబోయాను. తుపాకీ పేలుతుందేమోనని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అంతలో నా వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే నిత్య లేదు. నిచ్చెన దిగి, తుపాకీకి ఎదురుగా, గింజల డబ్బా వైపు పరిగెత్తుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నిత్యా!" అని నేను వేసిన కేకకి చుట్టుపక్కలంతా మారుమోగింది. డేల్ తుపాకీ గొట్టం విసురుగా పైకి లేపి, బోల్టు వెనక్కి లాగి తూటా తీసేశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను నిచ్చెన ఎలా దిగానో నాకు తెలియదు. మోచేయి గీరుకుపోయిన సంగతి తర్వాత చూసుకున్నాను.

అక్కడ నిత్య రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది. "పో! గో! రన్! పో ఇక్కడి నుంచి!" మిగతా దుప్పులు నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాయి. ఆ కొమ్ముల దుప్పి అదీ చేయలేదు. తల ఎత్తి నిత్యని చూసింది, మళ్ళీ తల దించి గింజలు ఏరుకుంటోంది. నేనూ చప్పట్లు కొట్టాను, హుష్ హుష్ అన్నాను, నా కోటు తీసి ఊపాను. కోటులోంచి ఏమైనా గింజలు రాలతాయేమోనని అది నావైపు రెండడుగులు వేసింది. నిత్య అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చేసింది. దాన్ని గుండెకి అదుముకున్నాను, ఆ వెంటనే వీపు మీద ఒక్కటిచ్చాను కూడా. "తుపాకీ ముందుకి వెళ్తావా? బుద్ధుందా? నువ్వు పోతే నేనేమైపోవాలే?" అని నేనూ ఏడ్చాను.

డేల్ వచ్చి మా ముందు నిలబడ్డాడు. "గురి పెట్టిన తుపాకీ ముందుకి పోకూడదని నీ కోర్సులో మొదటి రోజే చెప్పి ఉంటారు," అన్నాడు నిత్యతో. "నాకూ నీ వయసు కూతురుంది." తర్వాత నావైపు తిరిగి, "మీ వేట అయిపోయింది మేడం. ఇలాంటి పని ఎవరు చేసినా వెంటనే పంపించేయాలి, అది మా రూలు. గ్యారంటీ కూడా రద్దు," అన్నాడు.

"గుడ్," అంది నిత్య ముక్కు తుడుచుకుంటూ.

తొమ్మిదిన్నరకల్లా సామాను కారులో పడేశాం. ఓనర్ బయటికి రాలేదు. మళ్ళీ ఇటు రావద్దని డేల్‌తో చెప్పి పంపాడు. గేటు వేస్తున్న డేల్‌ని, ఆ దుప్పిని ఏం చేస్తారని అడిగాను. వారాంతానికి ఇంకో పార్టీ వస్తోందన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. ఆ మాట నిత్య కూడా విన్నది.

"సారీ రా," అన్నాను పది మైళ్ళు పోయాక. "అది పోతుంది అనుకున్నా అమ్మా. మనం అరిస్తే చాలు, పోతుంది అనుకున్నా," అంది. ఇలాంటి చోటికి వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎన్ని దొరుకుతాయని అడగకండి, ఎన్ని తప్పించుకుంటాయో అడగండి. ఆ ప్రశ్నకి తడబడేవాడి దగ్గరికి పోకండి.

లానో దాటాక ఒక మలుపులో రోడ్డు పక్క గడ్డిలో ఒక లేడి నిలబడి ఉంది. ఈ నేల మీదే పుట్టిన బూడిదరంగు లేడి. బ్రేక్ వేశాను. కారు ఇంకా ఆగనే లేదు, అది చెవులు నిక్కించి, తోక తెల్లగా ఎత్తి, ముళ్ళకంచె మీంచి ఒక్క గెంతున అవతలికి దూకి చెట్లలో మాయమైంది. నిత్య సీట్లో ఎగిరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా! చూశావా! అది మనకి భయపడింది!" అంటూ నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళతో. మమ్మల్ని చూసి ఒక ప్రాణి భయపడినందుకు నాకంత సంతోషం నా జన్మలో కలగలేదు. కారు పక్కకి తీసి, ఇద్దరం చాలాసేపు ఆ చెట్లవైపే చూస్తూ కూర్చున్నాం. అది మళ్ళీ కనబడలేదు.