ఎడమ మెట్టు మీది బరువు

అర్నోబియో కిసెనో జీపుకి వెనకవైపు ఒక ఇనుప మెట్టు ఉంటుంది. లోపల చోటు దొరకనివాళ్లం దాని మీద నిలబడి, పైకమ్మీ పట్టుకుని కొండెక్కుతాం. సంత నుంచి మా ఊరు ఆల్తో బోనీతోకి వచ్చే దారిలో, వంతెన దాటాక, ఎర్రమట్టి ఎక్కుడు ఒకటుంది. వాన పడితే దాని నడుమ గాడి కోసుకుపోతుంది. వెనక కుడి చక్రం గాడిలో దిగగానే ఎడమది గాలిలోకి లేస్తుంది. ఇక ఇంజను బలమంతా ఆ లేచినదానికే పోతుంది. అది ఊరికే తిరుగుతుంది. నేల మీదున్న చక్రం కదలదు.

దానికి అర్నోబియో దగ్గర ఉన్న ఉపాయం ఒకటే.

"ఎడమకి!"

ఆ కేక వినగానే మెట్టు మీది వాళ్లమందరం ఎడమ కొసకి జరిగి వేలాడేవాళ్లం. చక్రం నేలకు ఆనేది. జీపు ఎక్కేది. ముప్పై ఏళ్లు అలాగే నడిచింది.

తర్వాత కుర్రాళ్లు మోటారు సైకిళ్లు కొనుక్కున్నారు. మెట్టు మీద నలుగురం మిగిలాం. మేం జరిగినా చక్రం లేచే ఉండేది. పోయిన వానల్లో అతను మమ్మల్ని చాలాసార్లు వంతెన దగ్గరే దించేశాడు. బియ్యం, బెల్లం అచ్చులు, ఎరువు బస్తాలు భుజాన వేసుకుని నడిచాం.

జీపుల సంఘానికి పెద్ద గిల్డార్డో. అతను సూటిగా చెప్పాడు. కాఫీ కోత మొదలయ్యే శనివారం అర్నోబియో సరుకుతో పైదాకా ఎక్కాలి. ఎక్కకపోతే ఇకమీదట ఆ రూటు వంతెన దాకానే. పైన ఎవరికీ కంచరగాడిదలు లేవు. జీపు వచ్చాక అమ్మేసుకున్నారు. మా కాఫీ కిందికి దిగాలంటే ముందు అర్నోబియో పైకి ఎక్కాలి.

అతను మెకానిక్ ఉబైమార్ షెడ్డుకి వెళ్లాడు.

"వెల్డింగ్ కొట్టేద్దాం, డోన్ అర్నోబియో," అన్నాడు ఉబైమార్. "ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్ లోపలి పళ్లు కలిపి అతికేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. గిల్డార్డో గారి బండి అట్లాంటిదే కదా."

"ఆయన తిరిగేది కిందనే. మాకు పైన మలుపులున్నాయి."

"మలుపులుంటే ఏమైంది?"

"ఏమవుతుందో చూసొచ్చి చెప్తా."

గిల్డార్డో జీపుని ఒక పూట అడిగి తెచ్చాడు. ముందు సీట్లో డోన్యా బెర్సాబే కూర్చుంది. ఆమె మా అందరికంటే పెద్దది, అందుకే గౌరవంగా డోన్యా అంటాం. మోకాళ్లు వంగవు. ఆ సీటు ఎప్పుడూ ఆమెదే.

అతికిన ఇరుసు ఎర్రమట్టిని చులాగ్గా ఎక్కేసింది. కేక అవసరం పడలేదు. ఆ పైన లోయ అంచున ఒక ముడిమలుపు ఉంది. అర్నోబియో స్టీరింగు పూర్తిగా తిప్పాడు. జీపు తిరగలేదు. నేరుగా అంచుకే నడిచింది. బ్రేకు వేసి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

బెర్సాబే కింద అరటాకుల వైపు చూసింది.

"ఏం నాయనా, దీనికి మెడ పట్టేసిందా?"

"మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలమ్మా. ఇది రెంటినీ సమానంగా నడవమంటోంది."

"మా ఆయనా నేనూ అంతే. ఎవరమూ తగ్గేవాళ్లం కాదు. చచ్చేదాకా ఒక్క మలుపూ సరిగ్గా తిరగలేదు."

వెల్డింగ్ మాట అక్కడితో పోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఉబైమార్ బల్ల మీద రెండు చక్రాలనీ కలిపే లాకు ఒకటి పెట్టి చేత్తో తిప్పి చూపించాడు. "ఇది తనే పట్టుకుంటుంది, మలుపులో తనే వదిలేస్తుంది. వదిలేటప్పుడు టకటకమంటుంది, అంతే."

అర్నోబియో ఆ చప్పుడు రెండుసార్లు విన్నాడు.

"వద్దు. మావాళ్లు దూకేస్తారు."

ఒకప్పుడు ఎక్కుడులో ఇరుసు టక్కున విరిగి జీపు వెనక్కి జారింది. వెనక నుంచి టక్కుమంటే అడక్కుండా దూకాలన్నది అప్పటినుంచీ మా మెట్టు మీది కట్టుబాటు.

"పోనీ గాలితో పనిచేసేది. మీట నొక్కితే చాలు."

"గాలి గొట్టం రాయికి తెగితే?"

"మళ్లీ కొత్తది వెయ్యాలి."

"మా కొండ మీద గాలికేం కొదవ లేదు. గొట్టాలే దొరకవు."

ఉబైమార్ నవ్వి ఇంకొకటి తీశాడు. దానికి ఉన్నది తీగ ఒక్కటే. రెండు సీట్ల మధ్య చేతిబ్రేకు లాంటి పిడి. లాగితే రెండు చక్రాలూ కలుస్తాయి. వదిలితే విడిపోతాయి.

"చక్రం తిరుగుతుండగా మాత్రం లాగకండి. పళ్లు విరుగుతాయి. ఎక్కుడు రాకముందే లాగాలి. మర్చిపోతే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి, చక్రం ఆగనివ్వండి, అప్పుడు లాగండి."

అర్నోబియో దాన్నే బిగించమన్నాడు. శనివారం దారి పొడుగునా బయటికే అనుకుంటూ వచ్చాడు. ముందు కాలు, తర్వాత చెయ్యి. ముందు కాలు, తర్వాత చెయ్యి.

"కొత్త ప్రార్థనా నాయనా?" అంది బెర్సాబే.

మధ్యాహ్నం నుంచీ వాన. జీపు నిండా ఎరువు, బియ్యం. మెట్టు మీద మా పక్కన గిల్డార్డో కూడా నిలబడ్డాడు. తన కళ్లతో చూడాలన్నాడు.

ఎర్రమట్టి వచ్చింది. కుడి చక్రం గాడిలో దిగింది. అర్నోబియో చెయ్యి పిడి మీదికి పోలేదు. నోరే తెరుచుకుంది.

"ఎడమకి!"

అందరం జరిగాం. గిల్డార్డో కూడా జరిగాడు. ఎడమ చక్రం నేలకు దిగలేదు. గాలిలోనే తిరుగుతూ మా మొహాల మీద బురద కొట్టింది. జీపు కొద్దికొద్దిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"లాగవయ్యా! దేనికి పెట్టించావది?" అని అరిచాడు గిల్డార్డో.

అర్నోబియో మళ్లీ "ఎడమకి!" అన్నాడు. ఎడమన ఇక జాగా లేదు.

బెర్సాబే రెండు చేతులతో పిడి పట్టుకుంది.

"కాలు తియ్యి నాయనా."

అతను కాలు తీసి బ్రేకు వేశాడు. చక్రం ఆగింది. ఆమె లాగింది. అడుగున ఏదో కుదురుకున్నట్టు మా పాదాలకు తెలిసింది. అతను మెల్లగా ఇంజను పెంచాడు. ఈసారి రెండు చక్రాలూ కలిసి తిరిగాయి. జీపు ఎక్కింది. పైన మట్టి గట్టిపడ్డ చోట ఆమె పిడి వదిలేసింది. ముడిమలుపులో జీపు ఒక్క పట్టున తిరిగింది.

ఊళ్లో దిగి గిల్డార్డో మొహం తుడుచుకున్నాడు.

"రూటు పైదాకానే. కానీ లాగింది డ్రైవరు కాదు."

"డ్రైవరే లాగాలని మీ సంఘం ఏమన్నా రాసుకుందా?" అంది బెర్సాబే.

"లేదు."

"అయితే లోపలికి రా. కాఫీ తాగి పో."

ఆ ఏడు మా కోతంతా జీపులోనే దిగింది. బెర్సాబే సంతకి వచ్చిన రోజున పిడి ఆమె చేతిలోనే ఉంటుంది. రాని రోజున అర్నోబియోనే లాగుతాడు. ఇప్పుడు ఎక్కుడు రాకముందే, వంతెన దాటుతుండగానే "ఎడమకి" అంటాడు. ఆ కేక పడితేగాని అతని చెయ్యి కదలదు. మేం జరగాల్సిన పనేమీ లేదని ఉబైమార్ చెప్పాడు. అయినా జరుగుతాం.